రెండో నంబరు

బళ్లారికి పోయిన సరుకు బళ్లారిలోనే ఉండాలి. అది సోమవారం పొద్దున్నే టెంపోలో వెనక్కి వచ్చి, రాయదుర్గంలో విష్ణువర్ధన్ జీన్స్ యూనిట్ ముందు దిగింది. లోపల కుడుతున్నవాళ్లలో ఒక్కరూ తలెత్తి చూడలేదు. చూస్తే గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అవుతుందని ఎవరి భయం వాళ్లది. నలభై రెండు మిషన్ల చప్పుడు మాత్రం కాసేపు సన్నబడింది.

మొత్తం మూడు వందల పన్నెండు ప్యాంట్లు. అన్నింటికీ ఒకటే జబ్బు. వెనక కుట్టు, అంటే నడుము దగ్గర మొదలై పిర్రల మధ్యగా కిందికి దిగే కుట్టు, విచ్చుకుపోతోంది. తొడుక్కుని ఒక్కసారి గొంతుక్కూర్చుంటే చాలు, ప్యాంటు నోరు తెరుచుకుని నవ్వుతోందని బళ్లారి షావుకారు ఫోన్లో అన్నాడట. ఆ మాట చెప్తున్నప్పుడు విష్ణువర్ధన్ మొహంలో నవ్వు లేదు.

"ఇది చేతగాక చేసింది గాదు. ఎవరో కావాలనే చేసినారు," అన్నాడు హేమావతితో, ఆఫీసు గది తలుపు దగ్గరగా వేసి. "కణేకల్లు రోడ్డులో కొత్త యూనిట్ పడినప్పట్నించీ నాకు అనుమానమే. మనోళ్లలో ఎవురో ఆడికి పోతా వస్తాండారు. నువ్వు చీటీలు చూసి, ఎవురివి ఎన్నో సాయంత్రానికి తేల్చియ్యి. బయట ఎవురికీ చెప్పొద్దు."

ఈ యూనిట్లో ఒక ప్యాంటును పదిమంది కుట్టరు. ఒక ప్యాంటు ఒక టైలరుది. కుట్టడం అయ్యాక తన నంబరు రాసిన చీటీని చిన్న జేబులో దూర్చి చెకింగ్ టేబుల్ మీదికి విసిరేస్తే ఆయన పని అయినట్టు. నంబరంటే ఇక్కడ ఉత్త అంకె కాదు. యూనిట్ తెరిచిన నాడు మొదట మిషన్ ఎక్కినవాడు ఒకటి, తర్వాత వచ్చినవాడు రెండు, అలా వరస. మానేసి పోయినవాళ్ల నంబరు కొత్తగా వచ్చినవాళ్లకు ఇస్తారు గానీ, పనిలో ఉండగా చనిపోయినవాళ్లది ఎవరికీ ఇవ్వరు. ఒకటో నంబరు ఆదెప్ప పోయి మూడేళ్లయింది. ఆ నంబరు ఆయనతోనే పోయింది. ఇప్పుడున్నవాళ్లలో పెద్దవాడు రెండో నంబరు తిప్పయ్య. ఆ తర్వాత మూడో నంబరు నల్లమ్మ. చివర నలభై మూడో నంబరు నిన్నమొన్న వచ్చిన సురేంద్ర.

హేమావతి నాలుగేళ్లు చెకింగ్ టేబుల్ దగ్గర నిలబడి ప్యాంట్లు తిరగేసిన మనిషి. రెండు నెలల నుంచి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటోంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోన్లో ప్రోగ్రామింగ్ పాఠాలు చూసి తనంతట తను నేర్చుకుంటోంది. శనివారం ఆరో పాఠం అయింది. పెద్ద మాటలో చిన్న మాట ఉందో లేదో, ఉంటే ఎన్నిసార్లు ఉందో వెతికించడం ఎలాగో ఆ పాఠం. అనంతపురంలో పురం ఉందా అని అడిగితే ఉంది అంది కంప్యూటర్. ఎన్నిసార్లు అంటే ఒకసారి అంది. ఆ చిన్న జవాబుకే హేమావతి ఒక్కతే కూర్చుని నవ్వుకుంది.

ఇప్పుడు ఆ చదువుకు పని దొరికింది. జేబుల్లోంచి చీటీలన్నీ తీసి ఒక గోనెసంచిలో వేసుకుంది. ఒక్కొక్కటే చూస్తూ నంబర్లన్నీ వరసగా కొట్టుకుంటూ పోయింది. 17, 23, 8, 12, 41, 30. ఒక నంబరు, ఒక కామా. మూడు వందల పన్నెండు అయ్యేసరికి తెర మీద ఒక పొడుగాటి తాడు తయారైంది. హాజరు పుస్తకం పక్కన పెట్టుకుని, అందులో ఉన్న ఒక్కొక్క నంబరునూ ఆ తాడులో ఎన్నిసార్లు ఉందో వెతకమంది.

2 ఎన్నిసార్లు? నూట పదమూడు.

హేమావతి కుర్చీలో వెనక్కి వాలింది. 3 ఎన్నిసార్లు? నూట ఆరు. నాలుగో నంబరు బాలప్పవి అరవై ఒకటి. అయిదుకు ముప్పై. పది దాటినాక ఏడు, ఎనిమిది, ఏడు, తొమ్మిది. చివరాఖరికి సురేంద్రవి ఎనిమిది. పాతవాళ్లకు కొండంత, కొత్తవాళ్లకు పిడికెడంత. మళ్లీ ఒకసారి నడిపింది. మళ్లీ అవే అంకెలు.

లెక్క మీద ఆమెకు అనుమానం రాలేదు. మనిషి మీద వచ్చింది. తిప్పయ్య మామ యాభై ఎనిమిదేళ్లవాడు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఈ మధ్య తల కొంచెం వెనక్కి తీసుకుంటున్నాడు. ఇంటి దగ్గర సొంత మిషన్ ఉంది. మూడు వారాల కింద, ఈ సరుకు మొదలుపెట్టిన రోజునే, కొత్త దారం కండెను ఆఫీసుకు తెచ్చి, "ఈ దారం సరిగా ల్యాదన్నా, పుసుక్కుమంటాంది," అన్నాడు. "ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టుండాది నీ కత," అని విష్ణువర్ధన్ ఆయన్ను పంపించేశాడు. అప్పుడు హేమావతి అక్కడే ఉంది. చెడగొట్టబోయేవాడు ముందే సాకు వెతుక్కున్నాడన్నమాట అని ఇప్పుడు తోచింది. ఒకసారి అలా తోచాక, ఆ మనిషి దగ్గడం కూడా దొంగదగ్గులాగే వినిపించింది.

విష్ణువర్ధన్ కాగితం చూసి తలాడించాడు. "నేననుకొన్యిందే. ముసిలి కండ్లు," అన్నాడు. కిటికీలోంచి మిషన్ల వైపు చూసి, "ముసిలి కండ్లో, ఇంగేమన్నానో," అని కూడా అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నంత తేలిగ్గా, ఆ కాగితాన్ని అప్పటికప్పుడే బోర్డుకు అంటించమన్నాడు.

మంగళవారం పొద్దున మిషన్లు మొదలుకాకముందే తిప్పయ్యను పిలిచారు. ఆయన చొక్కా జేబులో బాబిన్ కేసు ఒకటి, చెవి మీద సుద్దముక్క. బోర్డు ముందు నిలబడి తన నంబరు పక్కనున్న అంకెను వేలితో తాకి చూశాడు.

"నూటా పదమూడా? నావేనా?"

"కంప్యూటర్ చెప్పింది మామా," అంది హేమావతి.

"అది చూసిందా?"

"చూసింది."

తిప్పయ్య ఎగిరెగిరి పడతాడనీ, తిడతాడనీ అందరూ ఎదురుచూశారు. తప్పు చేయనివాడైతే తిట్టాలి మరి. ఆయన తిట్టలేదు. కుడిచేయి తిప్పి అరచేతిని చూసుకున్నాడు, మళ్లీ తిప్పి గోళ్లను చూసుకున్నాడు. వెనక కుట్టును ఒకటికి రెండుసార్లు తోలే అలవాటు ఆయనది. రెండో కుట్టుకు కూలి లేదు, ఎవరూ వేయమనలేదు కూడా. ఆ సంగతి చెప్పుకోవచ్చు, కానీ చెప్పలేదు. చెవి మీది సుద్దముక్క తీసి మిషన్ మీద పెట్టి, అన్నం క్యారియర్ తీసుకుని వెళ్లిపోయాడు.

"సూస్తివా, ఒక్క మాటన్నా ఎదురు చెప్పినాడేమో," అన్నాడు కదిరప్ప పక్క మిషన్ మీదినుంచి. కదిరప్పది ఇరవయ్యో నంబరు, కాగితంలో ఆయనవి ఏడు. కాగితంలో ఏడూ ఎనిమిదీ పడినవాళ్లకు ఆ రోజు నోళ్లు బాగా లేచాయి. తిప్పయ్య పోయిన ఆదివారం కణేకల్లు రోడ్డులో కనబడ్డాడని ఒకరు, ఆయన సంచి ఈ మధ్య బరువెక్కిందని ఇంకొకరు. నల్లమ్మను మిషన్ మీదినుంచి లేపి, ఒక మూలన దారపు పోగులు కత్తిరించే పనికి కూర్చోబెట్టారు. బాలప్పకు చీవాట్లతో సరిపోయింది. సాయంత్రం గేటు దగ్గర మొదటిసారిగా అందరి సంచులూ విప్పి చూశారు. హేమావతి సంచి తప్ప.

అదే చెడ్డదైంది. బుధవారం టీ వేళకు హేమావతి గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడితే, ఆమె చుట్టూ నేల ఖాళీ అయింది. "దానికి గిట్టనోళ్ల పేర్లు పైకి ఎక్కించింది," అని ఎవరో అనడం వినబడింది. ఎవరన్నారో చూద్దామని తిరిగితే అందరి మూతులూ గ్లాసుల్లోనే ఉన్నాయి. నాలుగేళ్లు వీళ్లతో కలిసి ఒకే సంగటి ముద్ద విరుచుకుని తిన్న మనిషి. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకేం ఖర్మ, ఉన్నదే చెప్పాను కదా అనుకుంది.

నల్లమ్మ మాత్రం తిన్నగా దగ్గరికి వచ్చింది. చేతిలో చిన్న కత్తెర, ఒళ్లంతా నీలి పోగులు.

"హేమా, నాదొకటి తీర్చు మే. ఈ సరుకు కుట్టేటప్పుడు నేను మా కోడలి కాన్పుకని పన్నెండు దినాలు కొత్తచెరువుకు పోయింటి. మిగిలిన దినాల్లో నేను కుట్టిందే ఎనభై ప్యాంట్లు. ఎనభై కుట్టినదాన్ని నూటాఆరు యెట్ల చెడగొడితి?"

హేమావతి ఆఫీసులోకి పోయింది. హాజరు పుస్తకం తీసి చూస్తే నల్లమ్మ మాట నిజం. పన్నెండు రోజులు గైర్హాజరు. మరి కంప్యూటర్ అబద్ధమాడదు కదా. ఆలోచించగా ఆలోచించగా ఒక సంగతి తట్టింది. ఎవరో తమ చెడు ప్యాంట్లలో నల్లమ్మ నంబరు రాసి పెడుతున్నారు. బహుశా తిప్పయ్య నంబరు కూడా. సెలవులో ఉన్నవాళ్ల నంబర్లూ, పెద్దవాళ్ల నంబర్లూ వాడుకుంటున్నారు. కావాలనే చేశారని సార్ అన్నది నిజమే. మనిషే వేరు.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం ముట్టలేదు. ఎవరికీ చెందని నంబర్లు కూడా చీటీల్లో ఉన్నాయేమో చూడాలి. అలాంటిది ఒక్కటి దొరికినా దొంగ ఉన్నట్టు రుజువు. ఒక్కొక్కటే అడగకుండా ఒకటి నుంచి యాభై దాకా వరసగా వెతకమని కొత్తగా రాసింది. తెర మీద అంకెలు బిలబిలా దిగాయి. కింద నలభై నాలుగు నుంచి యాభై దాకా అన్నీ సున్నాలు. మంచిదే. పైకి జరిపి మొదటి వరస చూసింది.

1, నూట నాలుగు.

ఒకటో నంబరంటే ఆదెప్ప. మూడేళ్ల కింద మిషన్ మీదే తల వాల్చి పోయిన మనిషి, ఈ నెలలో నూట నాలుగు ప్యాంట్లు చెడగొట్టాడు. చచ్చినవాడు లేచి వచ్చి ఎదురు చెప్పడని ఆయన నంబరు పెట్టుకున్నారు. ఎంత తెగింపు! కిటికీలోంచి చూస్తే అన్నాల వేళ, టైలర్లు గోడ నీడన వరసగా కూర్చుని ఉన్నారు. కదిరప్ప పెద్దగా నవ్వుతున్నాడు. ఎందుకంత నవ్వు? సురేంద్ర ఫోన్ చూసుకుంటూ చటుక్కున జేబులో పెట్టేశాడు. ఎవరితో మాట్లాడుతున్నాడు? నలభైమందీ ఆమె కళ్లకు నలభై దొంగల్లా కనిపించారు.

చేతిరాత చూస్తే తెలిసిపోతుంది. ఒకటి అని రాసిన చీటీలన్నీ పక్కకు తీసి, ఆ రాత ఎవరిదో పోల్చుకుంటే చాలు. తలుపు గడియ వేసి, గోనెసంచి నేల మీద బోర్లించింది. చింతగింజలు ఏరినట్టు ఒక్కొక్క చీటీ తీసి, ఏ నంబరును ఆ నంబరు కుప్పలో వేస్తూ పోయింది. సంచి అడుగు దాకా ఏరింది. విదిలించింది. దుమ్ము తప్ప ఇంకేం రాలలేదు.

ఒకటి అని రాసిన చీటీ ఒక్కటీ లేదు.

హేమావతి మోకాళ్ల మీదే ఉండిపోయింది. ఆమె ముందు నేల మీద నలభై రెండు కుప్పలు. అన్నీ చిన్నచిన్నవే, ఇంచుమించు ఒకే ఎత్తు. రెండో నంబరు కుప్ప ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, అంత చిన్నది. మూడంటే మూడు చీటీలు. నూట పదమూడు ఎక్కడికి పోయాయి?

లేచి తెర ముందుకు వెళ్లింది. తను కొట్టిన పొడుగాటి తాడును వేలు పెట్టి చదివింది. 17. అందులో 1 ఉంది. 12. అందులో 1 ఉంది, 2 కూడా ఉంది. 22. అందులో రెండుసార్లు ఉంది. 23, 24, 25, 26. అనంతపురంలో పురాన్ని ఎలా చూపించిందో అలాగే, ఇరవై ఏడులోని రెండును కూడా అది ఎంతో నమ్మకంగా చూపించింది. ఇక్కడితో ఒక నంబరు అయిపోయింది, ఇక్కడినుంచి ఇంకొకటి మొదలు అని దానికి ఎవరు చెప్పారు? కామా దాని కళ్లకు ఇంకో అక్షరం, అంతే. తను అడిగింది 2 ఎక్కడెక్కడ కనబడుతుందని. రెండో నంబరు చీటీలు ఎన్ని అని అడగనే లేదు. అడిగినదానికి అది నిజమే చెప్పింది.

తాడును కామాల దగ్గర ముక్కలు చేయించింది. ముక్కకు ముక్క సరిపోతేనే లెక్క వేయమంది. అయిదు నిమిషాల పని. 1, సున్నా. 2, మూడు. 3, నాలుగు. మిగిలినవాళ్లకు ఏడు, ఎనిమిది, ఎక్కువంటే తొమ్మిది. నేల మీది కుప్పలకూ తెర మీది అంకెలకూ తేడా లేదు.

నలభైమంది చేతులు ఒకే లెక్కన తప్పు చేయవు. ఆ మాట చెప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు. ఆమె మూలనున్న ప్యాంట్ల కట్టలోంచి ఒకటి లాగి తిరగేసింది. సోమవారం నుంచి ఒక్కరూ, నాలుగేళ్లు అదే పని చేసిన తనతో సహా, ఈ ప్యాంట్లను తిరగేసి చూడలేదు. అంకెలున్నాయి కదా, ప్యాంట్లు ఎందుకు? సూది రంధ్రాలు తీగ పట్టి గీసినట్టు వరసగా ఉన్నాయి. కుట్టు జారలేదు, దారమే మధ్యలో తెగింది. అదే దారం కండె ఒకటి తెచ్చి, జానెడు దారం తీసి రెండు చేతుల మధ్య లాగింది. పుసుక్కుమంది.

గురువారం విష్ణువర్ధన్ బళ్లారి నుంచి తిరిగొచ్చాక ఆమె కొత్త కాగితం ఆయన ముందు పెట్టింది. తన తప్పు ఎక్కడ జరిగిందో ఏమీ దాచకుండా చెప్పింది. చివర దారం ముక్క కూడా తెంపి చూపించింది. ఆయన ఆ ముక్కను చేతిలోకి తీసుకోలేదు.

"ఎవురికన్నా చెప్పినావా?"

"ల్యాదు సార్."

"చెప్పొద్దు." ఆయన లేచి తలుపు వేశాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "సూడు హేమావతీ, టైలర్ని తీసేసినాను, ఇంగ తప్పు జరగదు అని నిన్న షావుకారుకు చెప్పొచ్చినా. ఆయన సరే అన్యాడు. ఇప్పుడు పోయి దారం అంటే, ఆడుండే ఏడు వేల ప్యాంట్లూ నా గేటు ముందరికి వస్తాయి. అప్పుడు తిప్పయ్య ఒక్కడు గాదు, నలభై మందీ ఇంట్లో కూచోవాల. దారం మార్పిస్తాండా. తిప్పయ్యకు గూడా రెండు నెల్లు పోనిచ్చి ఏదో ఒకటి చేస్తాలే."

"మూడో నంబరు నల్లమ్మక్క?"

"ఆమెకు పని ఉండాది గదా. కత్తెర పనిలో సుఖమే." కాగితాన్ని మడిచి ఆమె వైపు తోశాడు. "నీకీ కుర్చీ నేనే ఇచ్చినా. చెకింగ్ టేబుల్ కాడ పొద్దంతా నిలబడే పని నీకు తెల్లంది గాదు."

హేమావతి ఆ కాగితం తీసుకుని బయటికి వచ్చింది. ఆయన చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. వట్టి దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఆయనకు ఈ దారం సంగతి ఎప్పటినుంచి తెలుసు అన్న ప్రశ్న మాత్రం ఆమెను వదల్లేదు. పాత లెక్క చూపించినప్పుడు ఎగిరి పట్టుకున్న మనిషి, కొత్త లెక్క చూపిస్తే ఆశ్చర్యపోలేదు.

శుక్రవారం పొద్దున సెలవు చీటీ కూడా రాయకుండా తిప్పయ్య ఊరి బస్సెక్కింది. వాన చుక్క లేదు, వేరుశనగ విత్తాల్సిన చేలు ఎర్రగా దున్ని వదిలేసి ఉన్నాయి. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉంది. తిడతాడు, తిట్టనీ. కాళ్లు పట్టుకోవాల్సి వస్తే పట్టుకుంటాను. బస్సు దిగేసరికి అనుకున్నవన్నీ మరిచిపోయింది.

తిప్పయ్య ఇంటి ముందు పంచలో కూర్చుని ఉన్నాడు. ముక్కు మీద కొత్త కళ్లద్దాలు, డబ్బా వాసన కూడా పోనివి. చుట్టూ నీలిగుడ్డ పేలికలు, ఎన్నో. ప్రతి పేలిక మీదా ఒకదాని పక్కన ఒకటి కుట్లు. ఆయన భార్య లక్ష్మీదేవి లోపలినుంచి చెంబుతో నీళ్లు తెచ్చి, హేమావతి మొహం చూడకుండా గడప మీద పెట్టి వెళ్లిపోయింది.

"రా పాపా, కూచో. నువ్వే రావాలనుకొంటాంటి," అన్నాడు తిప్పయ్య. ఆ గొంతులో కోపం లేదు. "నువ్వు చెకింగులో ఉన్న మనిషివి గదా. ఇది చూసి చెప్పు." ఒక పేలిక ఆమె చేతిలో పెట్టాడు. "యాడ వంకర?"

హేమావతి బొటనవేలితో కుట్టు వెంట పైనుంచి కింది దాకా తడిమింది. ఇంకొకటి ఇచ్చాడు. అదీ తడిమింది.

"యాడా ల్యాదు మామా."

"నాకూ కనపళ్లేదు. నాలుగు దినాలుగా ఎతుకుతాండా. కండ్లు పోయినాయేమోనని అనంతపురానికి పోయి అద్దాలు పెట్టించుకొన్యా. అయినా కనపళ్లేదు." ఆయన పేలికను మళ్లీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. "నూటా పదమూడు చెడగొట్టినోన్ని, నాకు తప్పు కనపడకుండా పోతాదా? ఈ చేతికేమో అయ్యిండాది. నాకు తెలీకుండా అయ్యిండాది. ఇంట్లో మిషన్ గూడా నిన్న అమ్మేస్తి. చీరకు ఫాల్ కుట్టమని ఊర్లో ఆడోళ్లు వస్తారు గదా, వాళ్లవి చెడిపోతే మనకెందుకప్పా ఆ మాట అని."

హేమావతి చేతిలోని పేలిక కింద పెట్టింది. "తప్పు నీ చేతిది గాదు మామా. నాది," అంది. ఎలా అడిగిందో, కంప్యూటర్ ఎలా చెప్పిందో, పన్నెండులో రెండు, ఇరవై మూడులో రెండు ఎలా కలిసిపోయాయో, నేల మీద పేలిక పరిచి సుద్దతో రాసి చూపించింది. ఆయన వంగి చూశాడు. "నీవి మూడే మామా. అందరికన్నా తక్కువ నీవే. నువ్వు రెండో కుట్టు తోల్తావు గదా, అందుకే నిలిచినాయి. దారం చెడ్డది. నువ్వు మొదుటి దినమే చెప్పినావు."

తిప్పయ్య పేలిక మీది సుద్దగీతలను వేలితో తుడిచాడు. ఆమె ఏడుస్తోందని తనకు తెలియనట్టే కూర్చున్నాడు.

"నువ్వు నన్ను అనుమానపడినావు, సరే," అన్నాడు చివరికి. "మనిషన్నాక అనుమానపడతాడు. నన్ను నేనే అనుమానపడితినే, అది తల్చుకొంటే సిగ్గయితాండాది పాపా."

ఆమె వైపు తిరిగాడు. "యూనిట్లో చెప్పినావా?"

"సార్‌కు చెప్పినా. బయట చెప్పొద్దన్నాడు."

"నల్లమ్మకు?"

"ఇంకా ల్యాదు మామా."

"అట్లయితే ఆయమ్మ గూడా ఇట్లే ఎతుకుతాంటాది," అన్నాడు తిప్పయ్య.

ఆయన చెప్పు అనలేదు, వద్దు అనలేదు. ఎండ పంచలోకి జరిగింది. యూనిట్లో ఇప్పుడు టీ వేళ. హేమావతి చెంపలు తుడుచుకుని, ఫోన్ తీసి నల్లమ్మ నంబరు నొక్కింది.

"అక్కా, నేను హేమను. అందురూ ఆడే ఉండారా? స్పీకర్ పెట్టు. సౌండ్ పూర్తిగా పెంచు."

"ఎందుకు మే?"

"పెట్టక్కా."

అటునుంచి గ్లాసుల చప్పుడు, కదిరప్ప నవ్వు వినిపించాయి. హేమావతి సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. "సోమవారం నేను అంటించింది తప్పు లెక్క. తప్పు నాది, కంప్యూటర్‌ది గాదు. సరైంది ఇప్పుడు సదువుతాండా. చీటీలు ఆఫీసులో సంచిలో ఉండాయి, నమ్మకపోతే మీరే ఏరుకోండి. రెండో నంబరు తిప్పయ్య, మూడు. మూడో నంబరు నల్లమ్మ, నాలుగు." అటువైపు నవ్వు ఆగింది. "నాలుగో నంబరు బాలప్ప, ఏడు."

పది దాటేసరికి నల్లమ్మ అడిగింది, మెల్లగా. "అందురివీ ఏడూ ఎనిమిదీ అయితే తప్పు ఎవురిది మే?"

"దారానిదక్కా. పదకొండో నంబరు, తొమ్మిది."

పద్దెనిమిది దగ్గర తలుపు తెరిచిన చప్పుడు, ఆ వెంటనే విష్ణువర్ధన్ గొంతు. "ఎవురది? ఆ ఫోనిట్లియ్యి." హేమావతి ఫోన్‌ను ఇంకో చేతికి మార్చుకుంది. కాగితం కదిలి, ఏ వరసలో ఉందో తప్పిపోయింది. కుర్చీ పోయింది, అది ఆమెకు తెలుసు. చెకింగ్ టేబుల్ అయినా మిగులుతుందో లేదో తెలియదు. ఫోన్లో ఆయన మళ్లీ అడిగాడు. ఎవరూ ఇచ్చినట్టు లేరు.

తిప్పయ్య కళ్లద్దాలు తీసి అరుగు మీద పెట్టాడు. ముందుకు వంగి, కాగితం మీద సన్నటి అంకెల్లో తరువాతి వరస ఎక్కడుందో ఒక్క చూపులో పట్టుకుని, దాని కింద వేలు పెట్టాడు.

"పంతొమ్మిదో నంబరు," అని చదివింది హేమావతి, "ఎనిమిది."